ప్రభ దాకా పోని హెలికాప్టర్

ఈ మధ్య బజార్లో నిమ్మకాయలు మరీ గట్టిగా వస్తున్నాయి. చూడటానికి నున్నగా, పసుపుపచ్చగా, పెళ్లికి ముస్తాబైనట్టు ఉంటాయి. పిండితే బొటనవేలు నొప్పెడుతుంది తప్ప రసం రాదు. మొన్న మా ఆవిడ పులిహోరకని తనే కొనుక్కొచ్చిన కాయ ఒకటి కోసి, బలమంతా పెట్టి పిండి, చివరికి కాయ నా చేతిలో పెట్టి, "మీరు ఇంజనీరు కదా, చూడండి" అంది. చూశాను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. గట్టి నిమ్మకాయలతో నాకు కొంత అనుభవం ఉన్నమాట నిజమే గానీ, అది పులిహోరకి పనికొచ్చే అనుభవం కాదు.

అది నా ఉద్యోగపు చివరి ఏడాది. పల్నాడులో, పేటలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ విభాగానికి పెద్దని. విభాగానికి పెద్ద అంటే సంతకాలు ఎక్కువ, సోల్డరింగు తక్కువ. రిటైరయ్యే ఏడాది ఎవరూ కొత్త పని చెప్పరని నేను గట్టిగా నమ్మాను. మీలో ఉద్యోగాల్లో చేరబోయేవాళ్లకి ఒక్క మాట: ఆ నమ్మకం పెట్టుకోకండి. చివరి ఏడాది మనిషి ఖాళీగా ఉన్నట్టు దూరానికి కూడా కనిపిస్తాడు.

శివరాత్రి ఇంకా కొన్ని వారాలుందనగా దగ్గర ఊరి ప్రభ కమిటీ పెద్దాయన ప్రిన్సిపాల్ గారి గదికి వచ్చాడు. దూర ప్రాంతాల వాళ్ల కోసం చెబుతున్నాను. ప్రభ అంటే వెదుర్లతో, సరుగుడు కర్రలతో మేడకంటే ఎత్తుగా కట్టే చట్రం. దానికి రంగు గుడ్డలు, కరెంటు దీపాలు అలంకరించి, బండి మీద నిలబెట్టి, ఊరంతా కలిసి కొండ తిరునాళ్లకి తోలుకుపోతారు. ఎవరి ప్రభ ఎత్తు, ఎవరిది ఎక్కువ వెలిగింది అన్నది మిగతా ఏడాదంతా టీ కొట్ల దగ్గర తేల్చుకుంటారు.

"మా ప్రభ ఊళ్లోంచి కదిలేటప్పుడు పైనుంచి పూలు పడాల సారూ," అన్నాడు పెద్దాయన. "హెలికాప్టర్ వచ్చి చల్లాల."

"డ్రోన్‌తో చల్లొచ్చండి," అన్నాను, సాయం చేస్తున్నాననుకుని.

"డ్రోనేంది సారూ! చెవులు కుట్టే ఫంక్షన్‌కి గూడా వస్తంది అది. హెలికాప్టరే కావాల. మంత్రిగారు దిగుతున్నట్టుండాల."

ఆ ఊరి పిల్లలు మా కాలేజీలో బాగానే చేరతారు. ప్రిన్సిపాల్ గారు ఆ సంగతి తలుచుకుని, నా వైపు చెయ్యి చూపించి, "మా సార్ చేసేస్తారు" అన్నారు. ఆయన నా మీద అంత నమ్మకం పెట్టుకోవడం అదే మొదటిసారి.

రిమోట్‌తో ఎగిరే అసలు హెలికాప్టర్ బొమ్మలు దొరుకుతాయి. కానీ వాటిని నడపడం చానా కష్టం, పైన తిరిగే ఆ పెద్ద రెక్క కత్తితో సమానం. దారి చూపించింది మా విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే మేడమ్. ఎండలకి పేరుపడ్డ రెంటచింతల పిల్ల. వాళ్లన్న పొలాలకి డ్రోన్‌తో మందు కొడతాడు. సెలవులకి ఇంటికెళితే అన్న నీడన కూర్చుంటాడు, రిమోట్ ఈవిడ పట్టుకుంటుంది. ఆ ఎండలో పెరిగినవాళ్లు మాట పొదుపు నేర్చుకుంటారేమో, ఈవిడ అవసరమైన మాట కూడా సగమే మాట్లాడుతుంది.

"లోపల డ్రోన్ పెడదాం సార్. పైన హెలికాప్టర్ తొడుగు."

అంతే. అంటే నాలుగు మూలలా నాలుగు మోటార్లు, నాలుగు చిన్న రెక్కలతో మామూలుగా ఎగిరే డ్రోన్ ఒకటి చేసి, దాని మీద హెలికాప్టర్ ఆకారం తొడగడం. ఎగరేసేది కింది నాలుగు రెక్కలు. నెత్తిన ఉండే పెద్ద రెక్క అలంకారానికి. దానికి వేరే బుల్లి మోటారు, వేరే బ్యాటరీ, వేరే స్విచ్చి. అది ఊరికే తిరుగుతుంది. పెద్దాయనకి ఈ సంగతి చెప్పినప్పుడు నా వైపు ఒకసారి, ప్రిన్సిపాల్ గారి వైపు ఒకసారి చూసి, "పనిచేసేవి కింద ఉంటే పైది ఊరికే తిరగటమేంది?" అన్నాడు. కాలేజీ గురించి ఆయనకి ఎవరో ముందే చెప్పినట్టున్నారు.

తొడుగు చేసే పని మా వర్క్‌షాపు మాస్టారిది. ఆయన సర్వీసంతా ఇనుముతో గడిచింది. మొదటి తొడుగు రేకుతో చేశాడు. చూడముచ్చటగా వచ్చింది. మోటార్లు నాలుగూ గట్టిగా అరిచాయి గానీ అది నేల వదల్లేదు.

"గట్టిగా ఉంది గదన్నయ్యా," అన్నాడు.

"ఉంది మాస్టారూ. ఇంటికి పునాదిగా వేసుకోవచ్చు."

రెండోది థర్మోకోల్‌తో చేసి పైన పలచగా ఫైబర్ పూత పూశాడు. అది ఎగిరింది. ఎగిరి, గాలి రాగానే పొడుగాటి తోక జెండాలా పక్కకి లాగితే అటే తిరిగిపోయింది. తోక కురచ చేశాం. బ్యాటరీ ముందుకి జరిపాం. కడుపు కింద బంతిపూల రేకలు పట్టే డబ్బా, దానికి రిమోట్‌తో తెరుచుకునే మూత పెట్టాం. మీకు ఇంతకంటే వివరాలు అక్కర్లేదు. ఒక్క అలవాటు మాత్రం గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

మా కంట్రోల్ బోర్డు మరీ ఖరీదైనదేం కాదు. ఎగరేసే ముందు ప్రతిసారీ దాన్ని చదునైన చోట పెట్టి, రిమోట్ మీది కర్రలు రెండూ ఒక పద్ధతిలో నొక్కి, "ఇదే సమతలం" అని చెప్పాలి. ఎర్ర దీపం గబగబా కొట్టుకుని ఆగుతుంది. ఇక అది గాల్లో ఉన్నంతసేపూ ఆ మాటే నమ్ముతుంది. మనం వాలుగా పెట్టి సమతలం అని చెబితే వాలునే సమతలం అనుకుని, అటే జారుతూ పోతుంది. అందుకని స్టాఫ్ రూంలోని క్యారమ్ బోర్డు తెచ్చుకున్నాం. మాస్టారు తాపీవాళ్ల రసమట్టం పెట్టి, కింద అట్టముక్కలు దోపి దాన్ని చదును చేసేవాడు. దాని మీద హెలికాప్టర్ పెట్టేవాళ్లం.

నా భయం మాత్రం దాని గురించి కాదు. ఒక మధ్యాహ్నం మాస్టారు, రెక్కల పదును ఎంతో చూద్దామని, తిరుగుతున్న రెక్కలోకి క్యారేజీ సంచిలోంచి తీసిన వంకాయ పెట్టాడు. వంకాయ పోయింది. సగం గోడకి అంటుకుంది, సగం నా చొక్కాకి. ఆ రోజు నుంచి జనం గుంపుగా కనిపిస్తే నాకు వంకాయల గంప గుర్తుకొచ్చేది. బస్టాండులో నిలబడి తలలు చూస్తూ ఉండేవాణ్ణి. అన్నం సరిగా దిగేది కాదు. మా ఆవిడ ఆ నెలలో గుత్తివంకాయ కూర చేసినప్పుడు నేను చూపించిన మర్యాద ఆమె ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

అందుకని షరతులు పెట్టాను. పోలీసు అనుమతి ఉండాలి. అది వచ్చింది, జనం మీదుగా ఎగరకూడదన్న మాటతో సహా. తాడు కట్టాలి, జనం తాడు వెనకే ఉండాలి. మేడమ్‌కీ నాకూ మధ్య ఒక మాట ఉండాలి: నేను "కట్" అంటే ఆమె మారు మాట్లాడకుండా మోటార్లు ఆపెయ్యాలి. మోటార్లు ఆగితే ఆ వస్తువు రాయిలా పడుతుంది. పడి విరగనీ, తిరిగే రెక్కలతో మనుషుల మీదికి పోవడం కంటే నయం.

"సరేనా?"

"సరే సార్," అంది మేడమ్.

ప్రభ కదిలే రోజు వచ్చింది. స్కూలు మైదానంలో ఒక కొసన ప్రభ నిలబడి ఉంది. రెండో కొసన మా క్యారమ్ బోర్డు. హెలికాప్టర్ ముక్కు ప్రభ వైపు, తోక మా వైపు. మా వెనక తాడు, తాడు వెనక జనం, జనం వెనక స్కూలు ప్రహరీ గోడ. గోడ మీద, గోడ కింద నీడలో ఊళ్లో ఆడవాళ్లంతా కూర్చున్నారు, ఒళ్లో పిల్లలతో. నేను అన్ని తలలూ ఒక్కసారి చూసి, మళ్లీ చూడకూడదనుకున్నాను.

మాస్టారు రసమట్టం పెట్టి బోర్డు చదును చేశాడు. హెలికాప్టర్ తెచ్చి దాని మీద పెట్టాం. అప్పుడు పెద్దాయన పళ్లెంతో వచ్చాడు.

"పూజ చేయాల సారూ."

ఇది నేను ఊహించిందే. కొత్త సైకిలుకి పసుపు పెట్టకుండా మా ఊళ్లలో ఎవరూ ఎక్కరు. హెలికాప్టర్‌ని వదులుతారా?

"చేయండి. కానీ బాబాయ్, దాని మీద కొబ్బరికాయ కొట్టొద్దు."

"కొట్టను. పక్కన కొడతా."

"హారతి దగ్గరికి తేవొద్దు. బ్యాటరీ ఉంది."

"దూరంగా తిప్పుతా."

"రెక్కల మీద పసుపు వద్దు. దండ తోకకి వద్దు."

"మరి దండ యాడేసేది సారూ, నీ మెళ్లోనా?"

జనం నవ్వారు. చివరికి దండలు కాళ్ల దగ్గర, బోర్డు మీద చుట్టూ పెట్టుకోవచ్చని ఒప్పందం కుదిరింది. లోకంలో ఉన్న పూజా సామగ్రి అంతా గుర్తు తెచ్చుకుని ఒక్కోటీ వద్దన్నాననే అనుకున్నాను. నిమ్మకాయల గురించి అడగలేదు. అంతలో తాడు వంగి జనం లోపలికొస్తుంటే నేనటు పరిగెత్తాను. మాస్టారు నా వెనకే వచ్చాడు. మేడమ్ రిమోట్ బ్యాటరీ చూసుకుంటోంది.

తిరిగొచ్చేసరికి హెలికాప్టర్ కాళ్లు బంతిపూల దండల్లో మునిగిపోయి ఉన్నాయి. ముక్కున బొట్టు. బాగానే ఉంది. "ఎత్తినట్టుందేంది ముక్కు," అన్నాడు మాస్టారు. "దండల మీద కూర్చుంది గదా, అట్టా కనపడుద్దిలే," అన్నాను నేను. బోర్డు సమతలమని రసమట్టం చెప్పింది. అంతకంటే ఏం కావాలి?

మేడమ్ కర్రలు నొక్కింది. ఎర్ర దీపం కొట్టుకుని ఆగింది. పైనున్న అలంకారపు రెక్క ముందే తిరుగుతోంది. పెద్దాయన మైకులో "గోవిందా" అనబోయి, శివరాత్రి అని గుర్తొచ్చి, "హర హర" అన్నాడు. నాలుగు రెక్కలూ లేచాయి.

హెలికాప్టర్ నేల వదిలింది. వదిలి, ప్రభ వైపు పోవాల్సింది, మా వైపు వచ్చింది. తోక ముందు పెట్టుకుని, నింపాదిగా, అత్తగారింటికి బయల్దేరి మనసు మారినవాడిలా వెనక్కొచ్చింది. మేం వంగాం. అది మా తలల మీదుగా తాడు దాటింది. దానికీ గోడకీ మధ్య జనం. వాళ్లెవరూ పరిగెత్తలేదు. చప్పట్లు కొట్టారు. ఒకామె ఒళ్లో పిల్లని రెండు చేతులతో పైకెత్తి దానికి చూపిస్తోంది.

"కట్!" అని అరిచాను. "కట్! కట్!"

మేడమ్ కట్ చేయలేదు. కర్ర పైకి తోసింది. హెలికాప్టర్ ఒక్కసారిగా ఎత్తుకి లేచింది. పైకెత్తిన ఆ పిల్లకీ రెక్కలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో నేను ఎవరికీ చెప్పను, నాకు నేను కూడా చెప్పుకోను.

ఎత్తుకి వెళ్లాక ఆమె ముందుకి తోసింది. అది కాసేపు ఆగింది, మళ్లీ వెనక్కి జారింది. ముందుకి తోస్తూ ఉంటేనే నిలబడుతోంది, వదిలితే జారుతోంది. ఆమె నుదుటి మీది చెమట కంట్లోకి దిగుతుంటే తుడుచుకోలేదు. చేతులు రెండూ రిమోట్ మీద ఉన్నాయి. నేను నా కండువాతో తుడిచాను. సర్వీసులో నేను చేసిన అతి ఉపయోగకరమైన పని అదేనేమో.

దించుదామంటే కింద జనం. పక్కకి తీసుకుపోతే జనమూ అటే. ఇది నేను ఊహించని విషయం. అది ఎటు పోతే ఊరంతా దాని కిందే పరిగెత్తుతోంది, కోడిపిల్లల్లా, తలలు పైకెత్తి. పోలీసాయన లాఠీ ఊపుతూ తనూ పరిగెత్తుతున్నాడు, తనూ పైకే చూస్తూ. మైకులో పెద్దాయన గొంతు: "హెలికాప్టర్ గ్రామ ప్రదక్షిణ చేస్తంది! అందరూ దణ్ణం పెట్టుకోండి!" దాంతో మిగిలినవాళ్లు కూడా వచ్చారు.

పీప్, పీప్ అని మొదలైంది. బ్యాటరీ అయిపోతోందన్న గుర్తు. ఆ మోత విన్నాక ఎంతోసేపు ఉండదు. తర్వాత మనం కట్ అన్నా అనకపోయినా అదే కట్ అవుతుంది.

"సార్," అంది మేడమ్, కళ్లు తిప్పకుండా. "జనం రాని చోటు చెప్పండి."

జనం రాని చోటు. తిరునాళ్ల రోజు, ప్రభ కదిలే ఊళ్లో. రోడ్డు మీద ట్రాక్టర్లు. మైదానం నిండా మనుషులు. పత్తి చేలోకి తోలితే చేలోకి పరిగెత్తుతారు, ముళ్ల కంపలోకి తోలితే చెప్పులు విడిచి మరీ పరిగెత్తుతారు. గోడ వారగా ఉన్న మెట్లెక్కి చుట్టూ చూశాను. స్కూలు వెనక కనపడింది, ఎర్రగా. కళ్లం. మొన్న కోసిన మిరపకాయలు కళ్లం నిండా టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసి ఉన్నాయి.

"మిరపకాయలు!" అని అరిచాను. "స్కూలు వెనక! మిరపకాయల మీద!"

ఇంకొకళ్లయితే ఎందుకని అడిగేవాళ్లు. రెంటచింతల పిల్ల కాబట్టి అడగలేదు. మా పల్నాడులో మనిషికి ఎంత పూనకం వచ్చినా, పైనుంచి దేవుడే దిగుతున్నా, పరాయివాళ్లు ఆరబోసిన కాయల మీద కాలు పెట్టడు.

హెలికాప్టర్ స్కూలు దాటింది. దాని కింద ఊరు స్కూలు చుట్టూ తిరిగి పరిగెత్తింది. మేడమ్ మెట్ల మీదికొచ్చి నా పక్కన నిలబడి, అక్కణ్ణుంచి నడుపుతోంది. జనం కళ్లం గట్టు దాకా వచ్చారు. అక్కడ గీత గీసినట్టు ఆగిపోయారు. ముందున్నవాళ్లు చేతులు చాచి వెనకవాళ్లని ఆపుతున్నారు. "కాయలున్నాయిరా! ఒరేయ్, కాయలు తొక్కమాక!" మేము కట్టిన తాడు చేయలేని పని అది.

పట్టాల మధ్యకి పోగానే ఆమె దించింది. సగం దించింది, మిగతా సగం బ్యాటరీ దించింది. ధడాలున పడింది. తోక విరిగింది, నాలుగు రెక్కల్లో ఒక్కటీ మిగల్లేదు. కడుపు కింద డబ్బా పగిలి బంతిపూల రేకలు అంతెత్తున లేచి, కాయల మీద కళ్లమంతా పడ్డాయి. వాటితోపాటు మిరప కోరు, ముక్కులు మండించే ఆ ఘాటు, లేచింది. ఇక ఊరు ఊరంతా తుమ్మడం మొదలుపెట్టింది. పోలీసాయన, పూజారి, మా ప్రిన్సిపాల్ గారు, అందరూ సమానంగా తుమ్మారు. మైకులో కూడా తుమ్ము వినపడింది.

నేను మెట్ల మీదే కూలబడ్డాను.

"ఎవరికీ ఏం కాలేదు గదా?"

"కాలేదు సార్."

"నేను కట్ అన్నాను."

"వినపడింది సార్," అంది మేడమ్.

మాస్టారు క్యారమ్ బోర్డు దగ్గరికి పోయి దండలు తీసి చూసి, రెండు నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. హెలికాప్టర్ ముందు కాళ్ల కింద చెరొకటి పెట్టి ఉన్నాయట. చెక్కు చెదరలేదు. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా ఎట్టా కదిలిస్తాం అని పెద్దాయన వాదన. "చక్రాల్లేవు గదా, కాళ్ల కింద పెట్టా. నలగాల. నలగలేదేంది?" అని ఆయన ఆ కాయలు నొక్కి చూసి, కొట్టువాణ్ణి తిట్టాడు. మంచి కాయలైతే ఆ బరువుకి నలిగి చదునయ్యేవి. ముక్కు పైకి లేవకపోయేది, కంట్రోల్ బోర్డుకి మేం చెప్పిన సమతలం నిజమయ్యేది, పూలు ప్రభ మీద పడేవి. ఇప్పటికీ బజార్లో నిమ్మకాయలు నొక్కి చూసి కొంటాను. దానికి మా ఆవిడ చెప్పుకునే కారణం వేరు.

అందరం కళ్లం దగ్గరికి పోయాం. గట్టు మీద నిలబడ్డాం. మేమూ పల్నాడు వాళ్లమే, కాలు పెట్టలేదు. విరిగిన హెలికాప్టర్ ఎర్రటి కాయల మధ్య పక్కకి ఒరిగి ఉంది. ఎగరేసిన నాలుగూ చచ్చిపోయాయి. నెత్తినున్న అలంకారపు రెక్క మాత్రం, దాని బ్యాటరీ దానికుంది కాబట్టి, ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంది. దాని స్విచ్చి విరిగిన తొడుగు లోపల ఎక్కడో ఇరుక్కుంది. ప్రిన్సిపాల్ గారు దాని వైపు చూసి, "పర్లేదు, అది పనిచేస్తోంది" అన్నారు.

కళ్లం పక్క పందిరి కింద నుంచి కాయల యజమానురాలు వచ్చింది. ముసలావిడ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. మార్కెట్‌కి పోవాల్సిన సరుకు. పెద్దాయన ముందుకొచ్చి, "ఏమే, దేవుడి పూలు నీ కాయల మీద పడినై. అదురుష్టం గదా!" అన్నాడు. ఆవిడ అతని వైపు చూడలేదు.

నేను చేతులు జోడించాను. నెలరోజులుగా తింటున్న భయం అంతా ఒక్కసారి వదిలి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిరప కోరు వల్లేనని అక్కడున్నవాళ్లు అనుకుని ఉంటారు. "అమ్మా, ఏం కాలేదమ్మా," అన్నాను. "పిల్లలకి, ఆడవాళ్లకి, ఎవరికీ ఏమీ కాలేదు. అంతే చాలు. ఏమీ కాలేదు."

ఆవిడ కొంగు తీసి, కళ్లం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది, గట్టు మీద వరసగా నిలబడ్డ చదువుకున్నవాళ్లని.

"ఏం కాలేదంటావేంది సారూ? ఈ పూరేకలన్నీ ఏరేది ఎవురు?"